వైపర్లు చూడకుండా కొన్న కారు

మా తోడల్లుడు చదువుతాడని తెలిసే ఇది రాస్తున్నాను. ఆరు నెలల కింద అతని పాత కారు కొన్నాను. ఇంజిన్, టైర్లు, బ్రేకులు అన్నీ మెకానిక్‌కు చూపించాను. ఈ రోజు నా భార్య కంటి ఆపరేషన్‌కు తనకల్లు నుంచి పుట్టపర్తి బయలుదేరాం. దారిలో వాన కుమ్మరించింది. వైపర్లు కదల్లేదు. గంటసేపు రోడ్డు పక్కనే ఆగిపోయాం. ఆసుపత్రికి చేరేసరికి మా వంతు దాటిపోయింది. వచ్చే నెల రమ్మన్నారు.

ఆసుపత్రి మెట్ల మీద నుంచే ఫోన్ చేశాను. "వైపర్లు పనిచేయవని ఒక్క మాట చెప్పకూడదా?"

"ఏమప్పా అన్నా, రెండేండ్లు నడిపినా, ఒక్కతూరి కూడా వాటితో పనిబడలే. ఈడ వానలు యాడుండాయి? నువ్వన్నా చూసి కొన్నావా?"

అబద్ధమైతే తిట్టేవాణ్ణి. డెబ్బై ఏళ్లు ఈ నేల మీద బతికిన నాకూ తట్టలేదు. మీలో ఎవరైనా వైపర్లు చూసి కారు కొన్నారా? ఇకమీద కొనేవాళ్లు అద్దం మీద బిందెడు నీళ్లు పోసి చూడండి, నీళ్లు దొరికితే.