నాలుగు గంటల బోర్డు

"చేచ్చీ, దేవస్సి గారి బట్టల కొట్టు ఎక్కడ?"

ఓమన తల ఎత్తకుండానే ఎదురుగా చెయ్యి చూపించింది. అడిగినావిడ రోడ్డు వైపు తిరిగి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అక్కడేమీ లేదే. ఏదో మెరుస్తోందంతే."

"ఆ మెరిసేదే."

ఆవిడ నమ్మీ నమ్మనట్టు రోడ్డు దాటింది. ఆ సాయంత్రం అలా అక్కా అంటూ వచ్చి అడిగినవాళ్లలో ఆరో మనిషి ఆవిడ. ఓమన ప్రింటింగు మిషను దగ్గరికి వెళ్లబోతుంటే ఫోను మోగింది.

"కసవు చీరల్లో సన్న అంచువి వచ్చాయా?"

"ఇది బట్టల కొట్టు కాదమ్మా. ప్రింటింగు షాపు."

"బోర్డు మీద ఈ నంబరే ఉంది కదా!"

ఉంది. ఆ బోర్డు తయారు చేసింది ఓమనే. ముప్ఫై రెండు అడుగుల పొడవు. మీగడ రంగు రేకు మీద అద్దంలా మెరిసే బంగారు అక్షరాలు. కింద కుడి మూలన, అరచెయ్యంత జాగాలో, నల్లటి అక్షరాలతో ఆమె షాపు పేరు, నంబరు. ఎండ కాసిన రోజున సాయంత్రం నాలుగు దాటితే ఆ బోర్డు మొత్తం మీద కంటికి ఆనేది ఆ నల్ల అక్షరాలు మాత్రమే.

పుళక్కర జంక్షన్‌లో ఓమన ఈ షాపు పెట్టి పంతొమ్మిదేళ్లయింది. అంతకుముందు పదేళ్లు త్రిశూర్‌లో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చింది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాదే ఒక చెప్పుల కొట్టతను కాగితం మీద రాసిచ్చిన కొలత నమ్మి బోర్డు చేసింది. తీరా బిగించబోతే రెండు స్తంభాల మధ్య అది జానెడు పొట్టిగా ఉంది. ఆనాటి నుంచి ఎవరి కొలతా తీసుకోదు, తనే టేపు పట్టుకుని వెళ్తుంది. బోర్డును ఎంత దూరం నుంచి చదవాలో అడుగులు వేసి లెక్కపెడుతుంది. పది అడుగులకు ఒక అంగుళం చొప్పున అక్షరం ఎత్తు ఉండాలంటుంది. కంప్యూటరు తెర మీద రంగు చూపించి ఒప్పించడం ఆమెకు గిట్టదు. చిన్న ముక్క చేయించి, బోర్డు వేలాడబోయే చోటే ఎత్తి పట్టించి, రోడ్డుకు అవతల నిలబడి ఎండలో చూడమంటుంది. చూశాక ఆ ముక్క వెనక సంతకం పెట్టించుకుంటుంది. సంతకం లేనిదే మిషను తిరగదు.

ఊళ్లో సగం మందికి ఈ సంతకం గొడవంటే విసుగు. "పెళ్లిచూపులకు కూడా ఇన్నిసార్లు చూడలేదు ఓమనా" అంటారు.

జంక్షన్‌లో అందరి కళ్లూ పడేది దేవస్సి కొట్టు మీదే. అక్కడ తన పేరున్న బోర్డు ఒక్కటి ఉండాలని ఓమన పంతొమ్మిదేళ్లుగా అనుకుంటోంది. పాత బోర్డు త్రిశూర్ బోర్డుల కంపెనీ వాళ్లు చేసింది. అది తుప్పు పట్టింది. ఓణం ఇరవై రోజులుందనగా దేవస్సి స్వయంగా రోడ్డు దాటి వచ్చాడు.

"కసవు చీరలా ఉండాలి ఓమనా. మీగడ రంగు, బంగారు అక్షరాలు. చూడగానే బట్టల కొట్టని తెలియాలి."

"చీర చేతిలో పెట్టుకుని చూస్తాం దేవస్సి చేట్టా. బోర్డును నలభై అడుగుల అవతలి నుంచి చూడాలి. మీ కొట్టు పడమటి ముఖం. అద్దం అక్షరాలకు వెనక ముదురు రంగు లేకపోతే సాయంత్రం ఎండకి అక్షరమూ రేకూ ఒకటైపోతాయి. మెరూన్ వేద్దాం."

"ఓణానికి మెరూన్ ఎవరు కడతారు?"

"బోర్డుకి చీర కట్టడం లేదు కదా."

ఆమె చేట్టా అని అన్నలా పిలిచే దేవస్సి నవ్వాడు కానీ వినలేదు. ఓమన ఒక్క అక్షరం చేయించి రప్పాయి చేత పంపింది. రప్పాయి ముప్ఫై ఏళ్లుగా బోర్డులు బిగిస్తున్నాడు. నాలుగింటికి దాన్ని బాల్కనీలో పట్టుకుంటాడని, దేవస్సి ఇవతలికి వచ్చి చూడాలని చెప్పి పంపింది. దేవస్సి పదకొండింటికే దాన్ని లాక్కుని, ట్యూబులైటు కింద పెట్టి, పెళ్లాన్ని పిలిచి చూపించాడు. ఆవిడకు బాగా నచ్చింది. వెనక సంతకం పెట్టి ఇచ్చేశాడు.

ఆ సంతకాన్ని ఓమన తీసుకుంది. నాలుగింటికి చూడకుండా పెట్టిన సంతకం చెల్లదని వెనక్కి పంపి ఉండాల్సింది. కానీ పండగ దగ్గర పడింది, జంక్షన్‌లో అంత పెద్ద బోర్డు మళ్లీ దొరకదు. ఇప్పుడు ఎవరైనా దేవస్సి కొట్టు ఎక్కడని అడిగినప్పుడల్లా ఆమె కోపం సగం దేవస్సి మీద, సగం తన మీద.

మంగళవారం సహకార బ్యాంకు సెక్రటరీ ట్రీసా ఫోను చేసింది. వాళ్ల పదకొండు బ్రాంచీలకూ కొత్త బోర్డులు కావాలట.

"శుక్రవారం బ్యాంకు మూశాక వస్తాను ఓమన చేచ్చీ. దేవస్సి గారి బోర్డు మీదేనట కదా, ఎదురుగా నిలబడి చూస్తాను."

"పొద్దున రాకూడదా?"

"పొద్దున కుర్చీలోంచి లేవనిస్తారా? నాలుగున్నరకి వస్తా."

ఫోను పెట్టేసి ఓమన నేరుగా రోడ్డు దాటింది. దేవస్సి గల్లా పెట్టె వెనక చీరల మడతల మధ్య కూర్చుని ఉన్నాడు.

"చేట్టా, అక్షరాలు విప్పి వెనక మెరూన్ పొర అంటించి మళ్లీ బిగిస్తాను. రెండు రోజుల పని. మీరేమీ ఇవ్వక్కర్లేదు."

"ఎందుకూ?"

"కనబడటం లేదు."

"నేను కంప్లైంట్ చేశానా? నువ్వే సంతకం పెట్టమన్నావు, పెట్టాను. నా సంతకం మీద నేను నిలబడ్డాను. నువ్వెందుకు నిలబడవు?"

"ఒక్కసారి నాతో బయటికి రండి. రెండు నిమిషాలు. అవతలి నుంచి చూడండి."

"పండగ ముందు గల్లా వదిలి వస్తానా? కొట్టు చూడు, నిలబడే చోటుందా? మా నాన్న నాటి నుంచి జనం వస్తున్నారు. బోర్డు చదివి వస్తున్నారనుకున్నావా?"

"మరి బోర్డెందుకు?"

"అందానికి" అన్నాడు దేవస్సి. "పైగా ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి, నీళ్లు చల్లారు. పండగ ముందు దాని మీద చెయ్యి వేయనివ్వను."

"అయితే మూలన నా పేరన్నా తీసుకోనివ్వండి."

అతను నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు. "నీకు పేరొస్తుందని ఉంచుకోమన్నాను. ఇప్పుడది కోసి నా కొత్త బోర్డుకి గాటు పెడతావా?"

ఫోను మాటలు విన్న రప్పాయి అప్పటికే నిచ్చెన మోసుకొచ్చి బయట నిలబడ్డాడు. ఓమన ముఖం చూసి నిచ్చెన మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"ఆ పైవాణ్ణి అడుగుదాం" అన్నాడు తిరిగొస్తూ. "సూర్యుణ్ణి ఓ గంట ముందే దించమని."

"నవ్వులాటగా ఉందా మీకు?"

"లేకపోతే ఏడవమంటావా? శుక్రవారం వాన పడొచ్చులే. మబ్బు పడితే నీ బోర్డంత చక్కటిది జిల్లాలో లేదు."

బుధవారం వాన పడింది. గురువారం రోజంతా పడింది. బోర్డు నాలుగింటికి కూడా చక్కగా కనబడింది, చూడటానికి రోడ్డు మీద ఎవరూ లేరు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మబ్బు విడిపోయింది. తడిసి ఆరిన రేకు కడిగిన పళ్లెంలా తళతళలాడింది.

"మందుల షాపు పక్క సందు మొదట్లో నిలబెట్టు ఆవిణ్ణి" అన్నాడు రప్పాయి. "అక్కడి నుంచి పక్కవాటుగా చూస్తే ఒక్కో అక్షరం లెక్కపెట్టొచ్చు. నేను కుర్చీ వేసి, టీ తెప్పిస్తా. టీ తాగేలోపు పొద్దు వాలుతుంది."

ఓమన ఆ సందు మొదటికి వెళ్లి చూసి వచ్చింది. నిజమే, అక్కడి నుంచి బోర్డు అద్భుతంగా ఉంది. ఆమె కుర్చీ తెచ్చి సందులో వేసింది. కాసేపు దాని వంకే చూసింది. మళ్లీ తీసుకొచ్చి షాపులో పెట్టేసింది.

"నీ ఖర్మ" అన్నాడు రప్పాయి.

నాలుగున్నరకి ట్రీసా వచ్చింది. ఓమన ఆమెను తన గుమ్మం ముందే, రోడ్డుకు ఎదురుగా నిలబెట్టింది.

"ఏం కనిపిస్తోంది మేడమ్?"

ట్రీసా కళ్లు చికిలించింది. "మీ పేరు కనిపిస్తోంది. నంబరు కూడా."

"కొట్టు పేరు?"

"అది... మెరుస్తోంది."

"నేనే చేశాను. తప్పు చేశాను. మీగడ రంగు మీద అద్దం అక్షరాలు పడమటి ఎండకి నిలబడవు. తెలిసీ చేశాను. మీ బ్యాంకుకి ముదురు నీలం మీద మెరుపు లేని తెల్ల అక్షరాలు వేస్తాను. కంటి చూపు తగ్గిన పెన్షనుదారు కూడా బస్సులోంచి చదువుకోవాలి."

ట్రీసా చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి ఇబ్బందిగా అటూ ఇటూ తిప్పింది.

"అదే చేచ్చీ చిక్కు. మా ప్రెసిడెంట్ రోజూ పొద్దున్నే ఇటే వాకింగుకి వస్తారు. ఆయనకి ఈ బోర్డు ఎంత నచ్చిందంటే, కమిటీలో తీర్మానం చేయించారు. మీగడ రంగు, అద్దం బంగారు అక్షరాలు. అన్ని బ్రాంచీలకీ ఇలాగే కావాలట. పని మీకే ఇవ్వాలని కూడా రాశారు."

లోపలి నుంచి రప్పాయి పెద్దగా దగ్గాడు. నవ్వును మింగినప్పుడు అతను అలాగే దగ్గుతాడు.

ఓమన కాగితం అందుకుని చదివింది. కింద ఏడు సంతకాలున్నాయి. ఈ బోర్డును సాయంత్రం పూట చూసినవాడు వాళ్లలో ఒక్కడూ ఉండడు. పదకొండు బ్రాంచీలు. పదకొండు చోట్ల మూలన ఆమె పేరు, నల్లగా, స్పష్టంగా.

"ప్రెసిడెంట్ గారిని సాయంత్రం నాలుగింటికి ఇక్కడికి రమ్మనండి" అంది.

"ఆ టైముకి ఆయన పడుకుంటారు చేచ్చీ."

"ఒక్కరోజు లేపండి. శాంపిల్ ఎత్తి పట్టిస్తాను. ఈ గుమ్మంలో నిలబడి చూసి సంతకం పెట్టాలి. చూశాక కూడా ఇదే కావాలంటే చేస్తాను, నా పేరు మాత్రం వేయను. చూడనంటే నాకీ పని వద్దు."

"పదకొండు బోర్డులు చేచ్చీ! త్రిశూర్ వాళ్లు కాచుకుని ఉన్నారు."

"తెలుసు."

ట్రీసా కాగితం వెనక "నాలుగు గంటలకు" అని రాసుకుంది. "చెప్పి చూస్తాను. వస్తారని మాత్రం అనుకోకండి" అంటూ బస్సు కోసం వెళ్లిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు రప్పాయి గుమ్మంలోకి వచ్చి. "పదకొండూ పోయాయా?"

ఎదురుగా బోర్డు ఇంకా మండుతూనే ఉంది. ఫోను మోగింది. ఆమె దాన్ని కాసేపు మోగనిచ్చి తీసింది.

"బట్టల కొట్టేనా? సెట్టు ముండు చీరల్లో నెమలి అంచువి ఉన్నాయా?"

"నిన్ననే అయిపోయాయి" అంది ఓమన. "సోమవారం వస్తాయట. పొద్దున పూట రండి. అప్పుడైతే కొట్టు కనబడుతుంది."