మూడో నాలా

లారీ దిగేసరికి ఉదయం 11:40. లడఖ్‌లో, సరిహద్దుకు దగ్గరి క్యాంపు. ఎత్తు పద్నాలుగు వేల మూడు వందల అడుగులు. జూన్ నెల. ఎటు చూసినా బూడిదరంగు కొండలు, మధ్యలో తొమ్మిది రేకుల షెడ్లు. పాలకొల్లు పక్కన, ఎక్కడ తవ్వినా నీళ్ళు పడే నేల మీద పుట్టినవాణ్ణి. లారీ నుంచి షెడ్డు దాకా యాభై అడుగులు నడిచి ట్రంకుపెట్టె మీద కూలబడ్డాను. ఊపిరి అందలేదు.

సుబేదార్ వచ్చి చూశాడు. "ఆరు రోజులు మంచం దిగకు. ఏడో రోజు నుంచి బండి నీది" అన్నాడు హిందీలో.

నేను డిస్పాచ్ రైడర్‌ని. మోటార్ సైకిల్ మీద టపా మోసేవాణ్ణి. అప్పటికి పదహారేళ్ళ సర్వీసు, అందులో పదకొండేళ్ళు బండి మీదే. క్యాంపు నుంచి పై పోస్టుకు, అంటే కొండ మీది కాపలా స్థావరానికి, పద్దెనిమిది కిలోమీటర్లు. సీలు వేసిన కాగితాలు, వైర్‌లెస్ బ్యాటరీలు, మందులు, జవాన్ల ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలు మోయాలి. దారిలో మూడు నాలాలు. నాలా అంటే పైన మంచు కరిగి దిగే వాగు. పొద్దున్న మోకాలి లోతు కూడా ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. అందుకే ఒక ఆర్డరు ఉండేది: పదకొండు దాటాక నాలాలో చక్రం పెట్టకూడదు.

ఏడో రోజు 05:30కి లేచాను. రెండు జతల ఉన్ని మేజోళ్ళు, మోకాళ్ళ దాకా బూట్లు, మందపాటి కోటు, ముఖానికి ఉన్ని టోపీ, దానిమీద హెల్మెట్. భుజానికి తోలు సంచి. ఆ ఎత్తులో బండికి కూడా గాలి చాలదు. ముప్పై నలభై కిక్కులు కొడితేగానీ పలికేది కాదు. కిక్కు కొట్టే ముందు ట్యాంకు మీద చెయ్యి పెట్టి కీర్తన చదువుకునేవాణ్ణి. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం. నాన్న బడిపంతులు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన కీర్తన అది. ప్రతి నాలా దగ్గరా మళ్ళీ చదివేవాణ్ణి. భయంతో కాదు. దేవుడు తోడుంటాడని నిజంగా నమ్మాను. నమ్మకం ఉన్నప్పుడు అది నమ్మకమని కూడా మనకు తెలియదు. ఊపిరిలాగా ఉంటుంది.

క్యాంపులో తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండోవాడు నర్సింగ్ అసిస్టెంట్. ఇరవై ఏడేళ్ళవాడు, మండపేట మనిషి. తల్లి అక్కడి రైస్ మిల్లులో పనిచేస్తుంది, తండ్రి లేడు. అసలు డాక్టరు దిగువన బేస్ క్యాంపులో ఉండేవాడు కాబట్టి క్యాంపులో అందరూ ఇతన్నే డాక్టర్ సాబ్ అనేవారు. నేను డాక్టరూ అనేవాణ్ణి. అతను నన్ను గురువుగారు అనేవాడు.

ఒక ఉదయం నేను ప్రార్థన ముగించి కళ్ళు తెరిస్తే, టీ గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"రోజూ ఏంటండీ చదువుతారు, బండికి?"

"బండికి కాదు డాక్టరూ, దేవుడికి."

"మా ఊళ్ళో అయితే చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేస్తామండి. ఒక్కసారి పెడితే ఏడాదంతా చూసుకోవక్కర్లేదు. మీకు రోజూ పనే."

నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగింటికి స్టోర్ షెడ్డు వెనక, గాలి తగలని చోట కూర్చునేవాళ్ళం. పులస దొరికితే ఎలా వండాలన్నది అతని పెద్ద విషయం. ఒక్కో రోజు తల్లి గురించి చెప్పేవాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వచ్చే సెలవులో పని మాన్పిస్తానని అనేవాడు.

ఆగస్టు వచ్చింది. ఆ రోజు ఉదయం పైకి వెళ్ళి 10:20కి తిరిగొచ్చాను. అంబులెన్స్ జీపు వేరే రోగిని తీసుకుని బేస్‌కు దిగిపోయింది. 13:10కి వైర్‌లెస్ ఆపరేటర్ పరుగెత్తుకొచ్చాడు. పై పోస్టులో కాపలా జవానుకు ఊపిరి ఆడడం లేదు. దగ్గితే నురగ వస్తోంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నమాట. ఎత్తు మీద అలా అయితే గంటల్లో మనిషి పోతాడు. మబ్బు పట్టింది, హెలికాప్టర్ రాదు.

సుబేదార్ ఆర్డరు వెయ్యలేదు. గడియారం చూసి, నన్ను చూశాడు. "వెళ్ళగలవా?"

"వెళ్తాను సాబ్" అన్నాను.

13:25కి బయల్దేరాం. డాక్టరు వీపుకి ఆక్సిజన్ సిలిండర్ కట్టాం, పట్టీలు ఛాతీ మీద బిగించాం. ఇంజెక్షన్ల పెట్టె మెడకు వేలాడుతోంది. అతను రెండు చేతులతో నా కోటు బెల్టు పట్టుకున్నాడు. మొదటి నాలా దగ్గర కీర్తన చదివాను, దాటాం. రెండో నాలాలో నీళ్ళు ఇంజను దాకా వచ్చాయి. చదివాను, దాటాం.

మూడో నాలా దగ్గర 14:15కి ఆగాను. నీళ్ళు మట్టిరంగుకు తిరిగాయి. లోపల రాళ్ళు దొర్లుతున్న చప్పుడు.

"గురువుగారూ, బాగా పెరిగినట్టున్నాయండి."

"పొద్దున్న దాటాను కదా. అడుగున రాయి ఎక్కడుందో నాకు తెలుసు."

"కాసేపు చూద్దామంటారా?"

"చూస్తే ఇంకా పెరుగుతుంది. అక్కడ మనిషి పోతాడు. దేవుడు దాటిస్తాడులే."

అతను నా బెల్టు ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. తర్వాత, "మీరంటే సరేనండి. మీ ఆయన్నే కాస్త చూడమనండి మరి" అన్నాడు.

మూడోసారి చదివాను. ముందు రెండుసార్లు ఎంత నమ్మకంతో చదివానో ఈసారీ అంతే. మొదటి గేరులో దింపాను. సగం దూరం వెళ్ళాం. ముందు చక్రం కింద రాయి కదిలింది. నీటి తోపుకు బండి పక్కకి వాలింది. బండి పడుతున్నా హ్యాండిల్ వదలకూడదని మాకు మొదటిరోజే నేర్పుతారు. పదకొండేళ్ళు అదే చేశాను. అప్పుడూ అదే చేశాను. నడుం దగ్గర రెండు చేతుల పట్టు తెలిసింది. తర్వాత ఒక్క చెయ్యే తెలిసింది. తర్వాత అదీ లేదు.

బండి రెండు బండరాళ్ళ మధ్య ఇరుక్కుంది. దాన్ని పట్టుకునే నేను గట్టెక్కాను. తిరిగి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. పేరుపెట్టి పిలిచాను. అన్నాళ్ళలో ఎప్పుడూ అతన్ని పేరుపెట్టి పిలవలేదు. నా దగ్గరున్న వాకీటాకీ తడిసి చచ్చిపోయింది. గట్టు వెంట కిందికీ పైకీ నడిచాను. 17:05కి క్యాంపు నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చేదాకా నడుస్తూనే ఉన్నాను. నాలుగో రోజున, రెండు కిలోమీటర్ల దిగువన, గులకరాళ్ళ మేటలో దొరికాడు. సిలిండర్ వీపునే ఉంది. ఆ బరువే అతన్ని లేవనివ్వలేదు.

కాపలా జవాను బతికాడు. మేము ఎంతకీ రాకపోయేసరికి, పై పోస్టువాళ్ళు అతన్ని వంతులవారీగా వీపున మోసుకుంటూ అవతలి లోయలోకి దించేశారు. ఎత్తు తగ్గేసరికి ఊపిరి తిరిగింది. మర్నాడు హెలికాప్టర్ వచ్చింది. అంటే మేము వెళ్ళకపోయినా అతను బతికేవాడు.

విచారణ జరిగింది. అడిగినవాటికి జవాబులు చెప్పాను. ఎవరి తప్పూ లేదని రాశారు. సుబేదార్ ఆ కాగితం చూపిస్తూ, "సంతకం పెట్టు, మర్చిపో" అన్నాడు. మొదటిది చేశాను.

మరుసటి ఏడు సర్వీసు ముగించుకుని పాలకొల్లు వచ్చేశాను. ఒక ప్రైవేటు ఆఫీసు గేటు దగ్గర ఉద్యోగం. రోజూ తొమ్మిది కిలోమీటర్లు, రొయ్యల చెరువుల మధ్య రోడ్డు మీద బండి మీదే వెళ్తాను. వేరే బండి, తేలికైనది. వెనక ఎవర్నీ ఎక్కించుకోను. నా భార్య బజారుకి ఆటోలో వెళ్తుంది. మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగదు. కాలవ గట్టు మీద ఎవరైనా చెయ్యి ఎత్తి ఆపితే చూడనట్టు వెళ్ళిపోతాను. పొగరెక్కిందని అనుకుంటారు.

చర్చికి వెళ్తాను. ఒక ఆదివారం పాస్టరు గారు ఆరాధన మధ్యలో నన్ను లేపారు. "దేవుడు మిమ్మల్ని ప్రవాహంలోంచి పైకి తీశాడు. సంఘానికి సాక్ష్యం చెప్పండి" అన్నారు ఎంతో ప్రేమగా. లేచి నిలబడ్డాను. నన్ను పైకి తీసినవాడు డాక్టర్ని ఎందుకు వదిలాడని ఆయన్ని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే ఆయన జవాబు చెబుతారని భయం. "వందనాలండి" అని కూర్చున్నాను. కీర్తన ఇప్పటికీ నోటికి వస్తుంది. మాటలన్నీ ఉన్నాయి. వినేవాడు ఉన్నాడనిపించదు.

ఊరికి వచ్చిన ఐదు నెలలకు గానీ డాక్టరు తల్లిని చూడ్డానికి మండపేట వెళ్ళలేకపోయాను. సిద్ధాంతం వంతెన మీద, జొన్నాడ వంతెన మీద రెండో గేరులో, కింద గోదావరి వైపు చూడకుండా వెళ్ళాను. ఉదయం పది అయింది. మిల్లు వెనక పెద్ద సిమెంటు గచ్చు, దాని నిండా ఉడికించిన ధాన్యం ఆరబోసి ఉంది. ఆడవాళ్ళు కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్నారు. మేస్త్రీ పిలిస్తే ఒకామె వచ్చింది. సన్నటి మనిషి, యాభై పైన ఉంటాయి. నేనెవరినో చెప్పాను. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎండలో నిలబడ్డావేంటి బాబూ, ఇటు నీడకి రా."

నీడలోకి వెళ్ళాం. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాను.

"బండి నువ్వే నడిపావా?"

"నేనేనమ్మా."

"మరి నువ్వెలా గట్టెక్కావు బాబూ?"

నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"హ్యాండిల్ పట్టుకున్నానమ్మా."

"వాడు దేన్ని పట్టుకున్నాడు?"

"నన్నేనమ్మా."

 ఏదో అంటుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. ఆమె తల ఒకసారి ఊపి, వెనక్కి తిరిగి, ధాన్యంలోకి దిగింది. పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడిచింది. ఆమె నడిచినంత మేరా ధాన్యం రెండుగా చీలి, వెనక రెండు చాళ్ళు పడుతున్నాయి. గచ్చు చివరిదాకా వెళ్ళింది. తిరిగింది. పక్కనే ఇంకో రెండు చాళ్ళు వేసుకుంటూ నా వైపే వచ్చింది. నేను నిలబడ్డ చోటికి రెండు గజాల్లోకి వచ్చి, తల ఎత్తకుండానే మళ్ళీ తిరిగింది. ఎండ తెల్లగా కాస్తోంది. చాళ్ళు ఎక్కడా వంకర పోలేదు.