తార్నాక క్యాంపస్‌లో పరీక్షకు కూర్చున్న రోజు

మా పక్కింటి మేడ మీద గదిలో అద్దెకుంటున్న స్వప్న జగిత్యాల అమ్మాయి. తార్నాక దగ్గరి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తోంది. కంప్యూటర్‌లో దాచిన సమాచారాన్ని బయటికి తీయాలంటే దాన్ని ఒక పద్ధతిలో ప్రశ్న అడగాలట. ఆ ప్రశ్నలు రాసే భాష మామూలు మనుషులకు ఎంత సులువు, ఎంత కష్టం అన్నది ఆమె చూస్తోంది. "కంప్యూటర్ తెల్వనోళ్లు కావాలె ఆంటీ. పదో తరగతి దాక చదివినోళ్లయితే ఇంకా మంచిది" అంది. పదో తరగతితో చదువు ఆపేసినందుకు నన్ను ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. ఆమెకు ఇంకా ఒక్క మనిషే తక్కువ. ఆ పరీక్ష మర్నాటి నుంచే ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్, క్యాంపస్ మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. ఆ వారంలో ఫలితాలు గైడుకు ఇవ్వకపోతే వచ్చే ఏడాది దాకా ఆగాలి. అందుకని ఒప్పుకున్నాను. ఇలాంటి పిలుపు వస్తే వెళ్లాలా వద్దా అని మా చర్చి సంఘంలో కొందరు అడిగారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయం తొమ్మిది దాటాక కాచిగూడలో ఆటో ఎక్కాను. బస్సులు అప్పటికే తగ్గిపోయాయి. అరవై రూపాయలకు బేరం కుదిరింది.

"చౌరస్తా దాకనే వస్తనమ్మా. లోపటికి పోనిస్తలేరు" అన్నాడు డ్రైవరు. విద్యానగర్ దాటాక అద్దంలో నన్ను చూసి, "గీ టైంల యూనివర్సిటీల మీకేం పని?" అని అడిగాడు.

"పరీక్ష ఉంది నాయనా."

"మంచిగ రాయున్రి. మా పోరగాళ్లు పరీక్షలు బంద్ పెట్టిన్రు. మీరన్న రాయున్రి."

తార్నాక చౌరస్తా నుంచి క్యాంపస్‌లోకి నడిచాను. దారికి అడ్డంగా తాడు కట్టి విద్యార్థులు కూర్చున్నారు. నా యాస వినగానే ఒకబ్బాయి "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. గుడివాడ దగ్గరని, ఇక్కడికొచ్చి ఇరవై అయిదేళ్లయిందని చెప్పాను. అతను తాడు పైకెత్తి, "పోన్రి. ఎండల నిలబడకున్రి" అన్నాడు. అక్కడి నుంచి స్వప్న పనిచేసే గదికి ఇరవై నిమిషాల నడక. చెట్ల నీడ ఉంది కాబట్టి కష్టమనిపించదు.

గదిలో స్వప్నతో పాటు ఆమె తోటి విద్యార్థి రమేష్ ఉన్నాడు. ఒక గ్రంథాలయం వివరాలు కంప్యూటర్‌లో ఉన్నాయి. ఫలానా పుస్తకం ఎవరి దగ్గరుంది, గడువు దాటినవాళ్లెవరు, ఇలాంటివి నేను అడగాలి. మొదటి సగం ప్రశ్నలు అందరూ వాడే పాత భాషలో. సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అంటూ ఇంగ్లిషు మాటలను వరుస తప్పకుండా రాయాలి. రెండో సగం స్వప్న తయారుచేసిన పద్ధతిలో. తెర మీది పట్టికలో ఖాళీ గడులు నింపితే చాలు. ఒక్కో ప్రశ్నకు ఎంతసేపు పడుతుందో ఆమె గడియారం పెట్టి రాసుకుంటుంది. కామా మరిచిపోతే పాత భాష ఎర్రటి అక్షరాలతో కసురుకునేది. గడుల పద్ధతి హాయిగా సాగింది.

అంతా అయ్యాక స్వప్న ముఖం వెలిగిపోయింది. "నా దాంట్ల సగం టైమే పట్టింది ఆంటీ. మొదట్ల ప్రతి ప్రశ్నకు కళ్లు మూసుకున్నరు కదా, ఏ మాట సమజ్ కాలే?"

"అన్నీ అర్థమయ్యాయమ్మా. ప్రార్థన చేసుకున్నాను."

ఆమె పెన్ను ఆగింది. "ప్రతి ప్రశ్నకా?"

"ఏ పని మొదలుపెట్టినా అలవాటు. రెండో సగంలో నువ్వు గడియారం వంక చూస్తుంటే ఇబ్బందనిపించి మానేశాను."

రమేష్ పకపకా నవ్వాడు. "దేవుడే నీ దిక్కున్నడు స్వప్నా. రాసేసుకో, ఎవలడుగుతరు?"

"నీకు మంచే జరిగింది కదమ్మా" అన్నాను నేను కూడా.

"గదే ఆంటీ బాధ. మీ ప్రార్థనను పాత భాష ఖాతాల వేసి నాది గొప్పదని ఎట్ల చెప్పాలె?" అని నా కాగితం మీద అడ్డంగా గీత గీసింది. నేను మళ్లీ రాస్తానన్నాను. ప్రశ్నలన్నీ తెలిసిపోయాయి కాబట్టి ఇక నేను పనికిరానట. సాయంత్రం నాలుగింటికి గదికి తాళం వేస్తారు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు మా సంఘంలోని మేరీ సిస్టర్ గుర్తొచ్చింది. ఆమెదీ నాలాగే పదో తరగతి చదువే, కంప్యూటర్ తెలియదు. సీతాఫల్‌మండిలో ఉంటుంది, నడిచి రాగలదు. ఫోన్ చేశాను.

"కూర పొయ్యి మీదుందండీ, ఏంటి సంగతి?"

"దించేసి ఒకసారి క్యాంపస్‌కు రాగలరా? ప్రార్థన మాత్రం ఇంటి దగ్గరే చేసుకుని రండి."

"అమ్మో, అంత ప్రమాదమా అక్కడ?"

రెండున్నరకు చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. నాలుగవుతుండగా తలుపు తెరుచుకుంది. గడుల పద్ధతి చాలా ప్రశ్నల్లో ముందుందట, కానీ చివరి పెద్ద ప్రశ్నకు పాత భాషే తొందరగా జవాబిచ్చిందట.

"గా ఒక్కటి ఓడిపోయినవ్ పో" అన్నాడు రమేష్.

"ఓడింది. రాసిన" అంది స్వప్న, కాగితాలు సంచీలో పెట్టుకుంటూ.

తిరుగు ప్రయాణంలో దాని గురించే ఆలోచించాను. నా కాగితం అలాగే ఉంచేసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఉంచేసుకోమని చెప్పినదాన్ని నేనే, రోజూ మోకరించి సత్యం కోసం అడిగేదాన్ని. ఆ అమ్మాయి ప్రార్థన చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి నా ప్రార్థనలో ఆమె కోసం ఏమీ అడగలేదు, ఆమెలా ఉండేట్టు చేయమని నా కోసం అడిగాను.

మీరూ ఇలాంటి పరీక్షకు వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: మనకు అలవాటైపోయిన పని ఏదైనా, ప్రార్థన కావచ్చు, కళ్లద్దాలు తుడుచుకోవడం కావచ్చు, గడియారం మొదలుపెట్టక ముందే వాళ్లకు చెప్పండి.