కాళ్ళకు కట్టిన కాగితాలు

పంతొమ్మిది వందల అరవైల్లో నేను బాపట్లలో జంతుశాస్త్రం చదువుతున్నప్పుడు, రేపల్లెలోని మా పెద్దమ్మ ఒక రేకుపెట్టె నా చేతికిచ్చింది. అందులో పదకొండు రంగురంగుల అడవి పిట్టలు. ప్రాణమున్నవి కావు, లోపలంతా తీసేసి దూది కూరిన చర్మాలు. మా పెదనాన్న బర్మా అడవుల్లో కలప పనికి వెళ్ళి, పిట్టల్ని సేకరించే ఒక దొర దగ్గర ఆ విద్య నేర్చుకున్నాడట. యుద్ధం వచ్చాక పెట్టె ఎవరి ద్వారానో ఇల్లు చేరింది. ఆయన చేరలేదు. ఇరవై ఏళ్ళుగా పెద్దమ్మ బొట్టు తీయలేదు, పెట్టె ఎవరికీ చూపించలేదు. ఏటా దుగ్గిరాల పసుపు చల్లి పురుగు పట్టకుండా కాపాడుకుంటూ వచ్చింది.

"చదువుకున్నదానివి, వీటి సంగతేంటో చూసి చెప్పమ్మా," అంది.

తెనాలిలో బండి మారేటప్పుడు కూడా పెట్టె ఎవరి చేతికీ ఇవ్వలేదు. పిట్టను గుర్తుపట్టాలంటే రంగును నమ్మకూడదని మా మాస్టారు చెప్పేవారు. పసుపు అంటి తెల్ల రొమ్ములు కూడా పచ్చబడి ఉంటే ఆయన మాట నిజమేననిపించింది. ముక్కు చూడాలి, కాలివేళ్ళు చూడాలి. చిలకకు మొదటి వేలూ చివరి వేలూ వెనక్కి తిరిగి ఉంటాయి. ఎర్ర పొట్ట ఉన్న అడవిపిట్ట ట్రోగన్‌కు మొదటిదీ రెండోదీ. అందుకే దాని కుటుంబం వేరు. ఆ తేడా నా అంతట నేనే పట్టుకున్నానని ఎంత మిడిసిపడ్డానో.

కాలివేళ్ళు చూడ్డానికి అడ్డొస్తున్నాయని, ఒక్కో పిట్ట కాలికి కట్టి ఉన్న కాగితం ముక్కల్ని కత్తిరించి పారేశాను. పసుపూ నూనే పట్టి జిడ్డోడుతున్నాయి. తెలుగులో పెన్సిల్ రాతలేవో కనబడ్డాయి. లాటిన్ కానిది శాస్త్రమే కాదనుకునే వయసు. చదవనైనా చదవలేదు.

సెలవులకు వెళ్ళి పదకొండు పేర్లూ గడగడా అప్పజెప్పాను. పెద్దమ్మ ఓపిగ్గా అంతా విన్నది.

"ప్రతి పిట్ట కాలికీ ఊరూ తారీఖూ రాసి కడతానని మీ పెదనాన్న ఉత్తరంలో రాశారమ్మా. అన్నిటికన్నా చివరి తారీఖు ఏంటి? ఆ తిథికి తద్దినం పెట్టిద్దాం. ఇంక ఎదురుచూడలేను."

పారేశానని చెప్పడానికి నోరు రాలేదు. నోటికొచ్చిన తారీఖు ఒకటి చెప్పాను. పురోహితుడు పాత పంచాంగం తిరగేసి తిథి చెప్పాడు. పెద్దమ్మ బొట్టు తీసేసింది.

అప్పటినుంచి ఆ పిట్టలు నన్ను వదల్లేదు. పరీక్ష రాస్తున్నా, అన్నం తింటున్నా, కళ్ళ చోట దూదితో, బోసి కాళ్ళతో వరసగా పడుకుని కనిపించేవి. నాకు భయం వేసేది. సిగ్గు అంతకన్నా ఎక్కువ వేసేది.

డెబ్బైల్లో ఒకసారి ఆ తద్దినానికి నేనూ వెళ్ళాను. పెద్దమ్మ మరిది కొడుకు గోడ మీద పిండం పెట్టాడు. కాకి వచ్చి కూర్చుంది. తల వంచి చూసింది, ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది. ఏటా ఇంతేనని వంటావిడ గొణిగింది.

పెద్దమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కాకివైపే చూస్తూ అడిగింది.

"తారీఖు సరిగ్గానే చూశావు కదమ్మా?"

"చూశాను పెద్దమ్మా," అన్నాను.