పేలని తూటా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూరల సంగతి ఎంత మాట్లాడుకునేవాళ్లో తూటాల సంగతీ అంతే మాట్లాడుకునేవాళ్లు. కంగారు పడకండి, మావాళ్లు దొంగలూ కాదు, పోలీసులూ కాదు. మా నాన్న వడ్రంగి. గోదావరి పక్క పల్లెటూరి నుంచి తలుపులూ కిటికీలూ చేసే పనికని బహ్రెయిన్ వెళ్లాడు. అక్కడి కఫీల్, అంటే ఎవరి పేరు మీద మా వీసాలన్నీ ఉండేవో ఆ యజమాని, నాన్న చేతి పనితనం చూసి మీనా సల్మాన్‌లో ఉన్న తన వేట తుపాకుల వర్క్‌షాపులో పెట్టాడు. మొదట భుజానికి ఆనించే తుపాకీ కర్రలు చెక్కాడు. పదేళ్లు తిరిగేసరికి ఇనుము పని కూడా పట్టుబడింది. దర్జీ చొక్కాకి కొలత తీసుకున్నట్టు మనిషి భుజమూ మెడా చేతి పొడుగూ కొలిచి, ఆ మనిషికే సరిపోయే తుపాకీ చేసిచ్చేవాడు.

నేను చెప్పే నాటికి రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయింది. నయీమ్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఇరవై రోజులు. అప్పట్లో అక్కడ బడికి గురు, శుక్రవారాలు సెలవు. శుక్రవారం అందరం తెలుగువాళ్ల ప్రార్థనకి వెళ్లేవాళ్లం. గురువారం నేను ఇంట్లో ఉంటే అమ్మకీ పసివాడికీ కునుకు ఉండదని నన్ను నాన్న వెంట తోలేసేవాళ్లు. నా నోరు అలాంటిది మరి. "దీని నోటికి తాళం చేసిపెట్టవయ్యా, నువ్వు ఇనుము పనివాడివే కదా" అని అమ్మ నాన్నని దెప్పేది.

ఒక గురువారం ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లటి గడ్డం, తోబు అనే ఇస్త్రీ నలగని పొడుగు తెల్ల అంగీ, నిటారైన నడుము. కఫీల్ గుమ్మం దాకా ఎదురెళ్లి భుజం మీద ముద్దు పెట్టుకున్నాడంటే ఎంత పెద్దమనిషో నాకర్థమైంది. ఆయనకి ఆఫ్రికాలో గొర్రెల ఫారం ఉందట. నక్కలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయట. సీజనులో అక్కడే లైసెన్సు తీసుకుని జింకల్ని కూడా వేటాడతాడు. ఈ రెండు పనులకీ కలిపి ఒక్కటే తుపాకీ కావాలి, తన కోసమే చేసింది.

నాన్న బల్ల మీద మూడు తూటాలు వరసగా నిలబెట్టాడు. తనకొచ్చిన హిందీలో ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. చిన్న తూటా నక్కకి చాలు, కానీ ఆ బయళ్ల గాలికి పక్కకి కొట్టుకుపోతుంది, జింకకి తగిలితే అది చావక గాయంతో పరిగెత్తి ఎక్కడో పడి ఏడుస్తుంది. పెద్దది జింకని కొడుతుంది నిజమే, నక్క మీద మాత్రం అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, పైగా వాడేవాడి భుజాన్ని గాడిద తన్నినట్టు తంతుంది. మధ్యది, టూ ఫార్టీ త్రీ అనేవాళ్లు దాన్ని, తేలిక గుండు వేస్తే నక్కకీ బరువు గుండు వేస్తే జింకకీ సరిపోతుంది. భుజానికీ మంచిది.

పెద్దాయన మూడింటినీ చూశాడు. పెద్దదాన్ని తీసి నాన్న ముందు పెట్టాడు. తన తండ్రి దీనితోనే కొట్టేవాడట, తనూ దీనితోనే కొడతానన్నాడు. చేతి పొడుగు కొలుస్తాను, కుడిచెయ్యి ఎత్తండి అని నాన్న అడిగితే, పాత తుపాకీ కొలతలే రాసుకోమన్నాడు. కఫీల్ నాన్నని పక్కకి లాగి, ఆయన ఏది అడిగితే అదే, నీ పాఠాలు ఆపు అని కసిరాడు. మా వీసాల గడువు ఆ నెలతో తీరిపోతుందని నాకు తెలుసు. ఈ పెద్దాయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్తే ఆ కాగితాల మీద సంతకం పెట్టనని కఫీల్ ముందు రోజే చెప్పాడు. అంటే పసిబిడ్డతో, నా బడి సగంలో వదిలేసి, అందరం విమానం ఎక్కాలి. ఇంటి దగ్గర అమ్మ దేవుడికి మొక్కుకుంటూ కూర్చుంది.

తుపాకీలో ఒక చిక్కుంది. గొట్టం వెనక కొసన తూటా కూర్చునే గదిని తొలవాలి. ఏ తూటాకి తొలిస్తే ఇక ఆ తుపాకీ దానిదే. చిన్న గదిని పెద్దది చేయొచ్చు గానీ పెద్దదాన్ని చిన్నది చేయడం ఎవరి తరమూ కాదు. ఈ తుపాకీకని బయటి దేశం నుంచి తెప్పించిన గొట్టం ఒక్కటే ఉంది, అలాంటిది మళ్లీ రావాలంటే ఆరు నెలలు. అందుకే నాన్న తటపటాయిస్తున్నాడు.

ఆ రోజు సాయంత్రం పికప్‌లో ఇంటికి వస్తూ నేను నా ధోరణిలో వాగుతున్నాను. కఫీల్ స్వయంగా గహ్వా పోసి ఇస్తే ఆ పెద్దాయన ఎడమచేత్తో తీసుకున్నాడని చాడీ చెప్పాను. గహ్వా అంటే వాళ్ల యాలకుల కాఫీ, ఫింజాన్ అనే పిడిలేని చిన్న గిన్నెలో పోస్తారు. దాన్ని కుడిచేత్తోనే తీసుకోవాలి. బడిలో నేనొకసారి ఎడమచేత్తో ఖర్జూరం తీసుకున్నందుకు అరబిక్ టీచరమ్మ నన్ను అందరి ముందూ నిలబెట్టింది. ఆ కడుపుమంట నాకింకా చల్లారలేదు.

"అంత పెద్దాయనకి ఆ మాత్రం తెలీదా నాన్నా? నన్నయితే నిలబెట్టారు!"

నాన్న తిరగాల్సిన మలుపు దాటేసి ముందుకు పోయాడు. బండి పక్కన ఆపాడు. "ఒక్కసారేనా?" అన్నాడు.

"మూడుసార్లూ అంతే."

"ఓరి నాయనో. నేను ఆయన మెడ చూశాను, కళ్లు చూశాను. చెయ్యి చూడలేదే" అని స్టీరింగ్ మీద తల ఆనించుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగా తినలేదు.

మరుసటి గురువారం కఫీల్ పెద్దాయనని దక్షిణాన ఎడారి వైపున్న షూటింగ్ మైదానానికి తీసుకెళ్లాడు. గొట్టం తొలిచే ముందు ఒకసారి పెద్ద తూటా రుచి చూడండి అని పిలిచింది నాన్నే. దుకాణంలోని పెద్ద తుపాకీ ఒకటి పట్టుకెళ్లాం. నన్ను వెనకాల ఓ పక్కగా గీత అవతల కుర్చీలో కూర్చోబెట్టి, చప్పుడుకి అడ్డంగా చెవులకి డిప్పలు తగిలించారు. కదిలితే కాళ్లు విరగ్గొడతానని నాన్న చెప్పాడు. ఎప్పుడూ అలా అనేవాడు కాదు, అందుకే గట్టిగా కూర్చున్నాను.

పెద్దాయన బల్ల దగ్గర కూర్చున్నాడు. నాన్న ఒక్కో తూటా తనే లోపల పెట్టి మూస్తున్నాడు. కఫీల్ పక్కనే నిలబడి దుర్భిణిలోంచి దూరంగా ఉన్న గురినే చూస్తున్నాడు. మొదటి తూటా పేలింది. గుండు గురికి జానెడు కిందగా తగిలింది. గాలి, అన్నాడు పెద్దాయన. గాలే, గాలే అన్నాడు కఫీల్. ఆ పూట గాలి ఆకు కదిలేంత కూడా లేదు.

రెండో తూటా కోసం నాన్న చెయ్యి డబ్బాలోకి వెళ్లలేదు. చొక్కా జేబులోకి వెళ్లింది. ఆ జేబులో ఏముందో నాకు తెలుసు. వర్క్‌షాపులో తుపాకీ సరిగా మింగుతోందో లేదో చూసుకోవడానికి వాడే ఉత్తుత్తి తూటా. మందు ఉండదు, పక్కన చిన్న చిల్లు ఉంటుంది, నేను దాన్ని ఈలలా ఊదేదాన్ని. అయ్యో, నాన్న పొరపాటున అది తీశాడు అనుకున్నాను. నోరు తెరిచాను. ఈలోపే పెద్దాయన మీట నొక్కాడు.

పేలలేదు. పేలలేదు గానీ, పేలినట్టే తుపాకీ మూతి జానెడు కిందికి దిగిపోయింది. పెద్దాయన కళ్లు బిగుసుకుని మూసుకుపోయాయి. కుడి భుజం వెనక్కి పారిపోయింది. దెబ్బ ఇంకా రాలేదు, ఆ మనిషి అప్పుడే దెబ్బ తినేశాడు. ఆ దృశ్యం నేను ఈ జన్మలో మరచిపోలేను. చూసింది నాన్నా నేనే. ఎడమచేతి గహ్వా సంగతీ, నాన్న కావాలనే ఆ తూటా పెట్టిన సంగతీ నాకప్పుడు అర్థమయ్యాయి. కఫీల్ కన్ను దుర్భిణిలోనే ఉంది.

తూటా పేలకపోతే ఒక నియమం ఉంది. లోపల మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. అందుకని తుపాకీ మూతి గురి వైపే ఉంచి ఒక నిమిషం ఎవ్వరూ కదలకూడదు. అందులో మందు లేదని నాన్నకి తెలుసు. అయినా చెయ్యి పైకెత్తి, ఒక్క నిమిషం అన్నాడు. ఆ నిమిషమంతా కఫీల్ తిడుతూనే ఉన్నాడు. నా అతిథి ముందు చచ్చిన తూటా పెడతావా, నా దుకాణం పరువు తీస్తావా, ఇక నీకూ నాకూ ఖలాస్, వచ్చే వారం ఫ్లైటు ఎక్కు అన్నాడు. తప్పు తూటాది కాదు, పెద్దాయనే జడుసుకున్నాడు అని నాన్న అంటే సరిపోయేది. అనలేదు. తల వంచుకుని గడియారం చూసుకుంటున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేను నోరు పారేసుకోకపోతే ఇదంతా జరిగేదే కాదు కదా. నా చాడీ వల్ల అమ్మా తమ్ముడూ రోడ్డున పడుతున్నారు.

నిమిషం అయింది. నేను చెవుల డిప్పలు తీసేశాను. నాన్న బోల్టు వెనక్కి లాగాడు. తూటా బల్ల మీద పడి దొర్లుకుంటూ పెద్దాయన చేతి దగ్గర ఆగింది. ఆయన దాన్ని తీసుకుని తిప్పి చూశాడు. చిల్లు కనపడింది. వేట తెలిసినవాడికి ఆ చిల్లు ఏమిటో చెప్పక్కర్లేదు. నాన్న కావాలనే పెట్టాడని ఆయన ఒక్క మాట అంటే చాలు, వారం కూడా ఆగక్కర్లేదు, ఆ సాయంత్రమే మా సామాన్లు బయట ఉండేవి.

ఆయన గుప్పిట మూసేశాడు. కఫీల్‌ని కారులోంచి నీళ్లు తెమ్మని పంపించాడు. కఫీల్ అటు వెళ్లాక పెద్దాయన నాన్న వైపు తిరిగి మెల్లిగా హిందీలో అడిగాడు.

"నా భుజం సంగతి నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నేనే చూశాను" అన్నాడు నాన్న.

అది అబద్ధం. నన్ను దాచడానికి ఆడిన అబద్ధం. మా నాన్న అబద్ధమాడటం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఇక ఆగలేకపోయాను. కుర్చీలోంచి లేచి, గీత మాత్రం దాటకుండా, "నేను చూశాను! మీరు ఫింజాన్ ఎడమచేత్తో తీసుకున్నారు! మా నాన్నని పంపించెయ్యకండి!" అని వచ్చిన అరబిక్, రాని హిందీ కలిపి అరిచేశాను.

పెద్దాయన నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన నవ్వాడు, పళ్లు కనపడకుండా. ఏడాది కిందట గుర్రం మీంచి పడ్డాడట. ఎముక అతికింది గానీ చెయ్యి పైకి లేవదు. కొడుకులకి తెలిస్తే వేట మాన్పించేస్తారని ఎవరికీ చెప్పలేదట. నా ముగ్గురు కొడుకులు రోజూ నాతో గహ్వా తాగుతారు, ఒక్కడూ చూడలేదు అన్నాడు.

కఫీల్ నీళ్లు పట్టుకొచ్చాడు. తూటాలో లోపం లేదు, నేను అడిగిన పని అది చేసింది అని చెప్పాడు పెద్దాయన. గొట్టం మధ్య తూటాకి తొలవమన్నాడు. ఈ పనివాణ్ని తీసేస్తే నేను నీ దుకాణం గుమ్మం తొక్కను అని కూడా అన్నాడు. కఫీల్‌కి ఏం జరిగిందో చివరిదాకా అర్థం కాలేదు. అర్థం కాకపోయినా సంతకం పెట్టాడు, మాకదే పదివేలు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో నాన్నని నిలదీశాను. అన్ని తిట్లు ఎందుకు పడ్డావు, నిజం చెప్పేస్తే పోయేదిగా అన్నాను. నాన్న అన్నాడు. "ఆయనకి తెలిస్తే చాలు కదమ్మా. పక్కవాడికి ఎందుకు?" అంతే. దారిలో నాకు షవర్మా కొనిపెట్టాడు, కాళ్లు విరగ్గొడతానన్నందుకు.

రెండు నెలలకి ఆ పెద్దాయన తుపాకీ తీసుకోవడానికి కొడుకులతో సహా వచ్చాడు. గహ్వా వచ్చింది. అందరూ చూస్తుండగా ఎడమచెయ్యి చాపి తీసుకున్నాడు. కొడుకు ఒకడు ఏదో అనబోతే, కుడిభుజం చూపించి నింపాదిగా చెప్పుకున్నాడు. వెళ్లేటప్పుడు ఆ చిల్లు తూటా నా చేతిలో పెట్టాడు. దాన్ని నేను ఇండియాకి తెచ్చుకోలేకపోయాను. మందు లేకపోయినా తూటా తూటాయేగా, విమానంలో రానిస్తారా? బహ్రెయిన్ వదిలి వచ్చేసే రోజున వర్క్‌షాపు సొరుగులో వదిలేసి వచ్చాను.

ఇప్పటికీ ఎవరైనా నా ముందు తప్పు చేసి దొరికిపోతే నాకొచ్చే మొదటి కోరిక నోరు తెరవడమే. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఎక్కడికి పోతుంది? అయినా ఒక్క నిమిషం ఆగుతాను. ఆ నిమిషంలో ఎదుటి మనిషి చేతులు చూస్తాను.

పోయిన వేసవిలో నాన్న మా ఇంటికి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ పెద్ద స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తే ఎడమచేత్తో అందుకుంటున్నాడు. కుడిచెయ్యి పంచె మడతలో దాచుకుంటున్నాడు. మా ఆయన ముందు, పిల్లల ముందు నేనేమీ అడగలేదు. నాలుగో రోజు పొద్దున అందరూ బయటికి వెళ్లాక, చిన్న కప్పులో సగం దాకా పోసి, ఆయన ఎడమపక్కన పెట్టి కూర్చున్నాను.

నాన్న కప్పు చూశాడు. నన్ను చూశాడు.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను నాన్నా."

ఒక నిమిషం పట్టింది, నేను కదల్లేదు. తర్వాత పంచె మడతలోంచి వణుకుతున్న ఆ కుడిచేతిని తీసి, నా ముందు బల్ల మీద పెట్టాడు.