ఎదుటి చేతులు

ఆ ఉదయం కూడా పెద్దకోడలి వాయి పాడైపోయింది. లాగుడు మిఠాయికి ఇద్దరు మనుషులు కావాలి. పొయ్యి మీంచి దించిన పాకాన్ని చెరో కొసా పట్టుకుని, ఎదురెదురుగా నిలబడి, లాగి, మడిచి, మళ్ళీ లాగాలి. మధ్యలో ఆగారా, బిగుసుకుపోతుంది. పద్ధెనిమిదేళ్ళు ఆమెకు ఎదురుగా నిలబడింది తోడికోడలే. బజారంతా వాళ్ళను జోడెద్దులనేది. చిన్నకోడలు వెళ్ళిపోయి రెండేళ్ళయింది. భర్తను నిలబెడితే చేతులు కాలాయని గంతులేశాడు. గోడకు మేకు కొట్టి ఒక్కతే లాగితే పాకం గాజుముక్కలా విరిగింది. ఇలాగే సాగితే కొట్టు మూసేయడమే.

పెంకుల్ని ఊడ్చి గంపలోకి ఎత్తుతుండగా, దీవి చూడవచ్చినవాళ్ళను మిఠాయి కొట్ల చుట్టూ తిప్పే వ్యాను వచ్చి ఆగింది.

"ఈపూట ఏమీ లేదు నాయనా," అంది.

"అయితే నువ్వే ఎక్కు పిన్నీ. ఒక సీటు ఖాళీ. ఇన్నేళ్ళూ ఒకళ్ళకి పెట్టడమే గానీ, నువ్వు తిన్నదెప్పుడు?" అన్నాడు డ్రైవరు.

చివరి కొట్టు చిన్నకోడలిదని ఆమెకు తెలుసు. చేతులు తుడుచుకుని, ఉన్నపాటున ఎక్కేసింది.

మొదటి చోట నారింజ తొక్కల మిఠాయి. "చేదు విరగకుండానే పాకంలో వేశారు," అంది. రెండో చోట కొబ్బరి ముక్క. "నిన్నటిది." మూడో కొట్టుకొచ్చేసరికి, ఆమె తిని చెప్పేదాకా వ్యానులో వాళ్ళెవరూ నోట్లో పెట్టుకోవడం లేదు.

"తీపి పెట్టినా తిట్లేనా పిన్నీ?"

"నాలుక ఉన్నది దేనికిరా?"

అందరూ నవ్వారు. ఆమె మాత్రం కిటికీలోంచి చెరకుతోటల్నీ, వాటి వెనకాల సముద్రాన్నీ చూస్తూ ఒక్క మాటే లోపల్లోపల అనుకుంటోంది: తప్పయిపోయిందే, తిరిగి రా. అత్తతో గానీ భర్తతో గానీ ఏనాడూ అనని మాట. నోరు తిరగడం లేదు.

రెండేళ్ళ కిందట ఆ రోజు, పాకం ఇద్దరి చేతుల్లోనూ ఉంది. చిన్నకోడలి అన్న పరుగున వచ్చి, అమ్మ ఆఖరి ఘడియల్లో ఉందన్నాడు. పెద్దకోడలు తన కొస వదల్లేదు. "ఈ ఒక్క వాయి లాగేసి వెళ్ళవే. పది నిమిషాలు." చిన్నకోడలు లాగింది. వెళ్ళేసరికి తల్లి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

చివరి కొట్లో మనుషుల బదులు రెండు ఉక్కు చేతులు పాకాన్ని లాగుతున్నాయి. వాటి పక్కనున్న చిన్నకోడలు తలెత్తి చూసింది. తర్వాత పళ్ళెం ముందుకు జరిపింది.

"బావగారు బాగున్నారా అక్కా?"

"ఏం బాగు! చేతులు కాల్చుకుని కూర్చున్నాడు."

చిన్నకోడలికి నవ్వొచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆ నవ్వు. ఇదే అదును, ఇప్పుడే అనేయాలి అనుకుంది పెద్దకోడలు. పెట్టింది తినకపోతే ఏం బాగుంటుందని, ముందు ముక్క నోట్లో వేసుకుంది.

"పాకం ఒక పిసరు ముదిరిందే," అనేసింది.

చిన్నకోడలి నవ్వు అక్కడే ఆగింది. చెయ్యి చాపి యంత్రం ఆపింది.

"ముదిరిందక్కా. ఆ రోజు మన వాయి మాత్రం ఎంత బాగా కుదిరిందో, కదూ?"

"అది కాదే, నేను వచ్చింది..."

"ఎందుకొచ్చావో తెలుసు. నేను రాను. దీనికి ఎదురుగా ఎవరూ నిలబడక్కర్లేదు."

యంత్రం మళ్ళీ తిప్పి, వెనకాల నిలబడ్డవాళ్ళను ముందుకు రమ్మంది. వాళ్ళకు దారి ఇవ్వడానికి పెద్దకోడలు పక్కకు జరగాల్సొచ్చింది. అనాల్సిన మాట అప్పుడు నోటి దాకా వచ్చింది, కానీ ఆ యంత్రం చప్పుడులో అరిచి చెప్పే మాట కాదది.

ఇంటికొచ్చాక భర్త అడిగాడు. "అక్కడిదాకా వెళ్ళావటగా. వస్తానందా?"

"దాని కొట్టు బాగా నడుస్తోంది," అంది.

మర్నాడు పొయ్యి వెలిగించలేదు.