అవ్వ చూసిన పసికణాలు

మొన్న మధ్యాహ్నం, వైద్యం చదువుతున్న మా మనవరాలు నా రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని, లేత ఎర్రకణం ముదిరేటప్పుడు ఇనుమును లోపలికి తీసుకునే పైపొర భాగాలను తానే వదిలించుకుంటుందని చెబుతుంటే, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి విన్నాను. పంతొమ్మిది వందల యాభైలలో నేను కర్నూలులో ఒక ఆసుపత్రి ల్యాబులో చేరినప్పుడు మాకీ సంగతి తెలియదు. రక్తపు చుక్కకు నీలిరంగు కలిపితే లేతకణాల్లో సన్నని వల కనిపిస్తుందని, ఒకటి రెండు రోజుల్లో అది మాయమై అవీ పెద్దవాటిలో కలిసిపోతాయని, అంతవరకే మా చదువు.

చేరిన మొదటి వేసవిలో కోయిలకుంట్ల వైపు నుంచి ఒక అవ్వ తన కోడలిని బస్సులో తీసుకొచ్చింది. కడుపులో కొంకిపురుగులు రక్తం తాగేసి ఆ పిల్ల పాలిపోయి ఉంది. పురుగులకు మందిచ్చి, ఇనుము బిళ్లలు మొదలుపెట్టి, అవి పనిచేస్తున్నాయో లేదో చూడడానికి డాక్టరుగారు రోజూ నన్ను వేలు గుచ్చి చుక్క తెమ్మనేవారు. దాంతో అవ్వకు నేనంటే మంట. "ఉండేదే రెండు చుక్కలు, అవీ నువ్వే పీకుతాంటే ఇంగ దానికేం మిగుల్తాదమ్మా?" అని నాలుగోనాడు మూట కట్టేసింది. ఊరికి పోతే బిళ్లలు మింగించేవాళ్లుండరు, పిల్ల దక్కదని నాకు భయం. చూపించి నమ్మిద్దామంటే స్లైడు మీద వలకణాలు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప లేవు. రెండు రోజులు ఆగమని బతిమాలాను. కోడలికి లేచే ఓపిక లేదు గనక ఆగింది గానీ నా మాట మీద గౌరవంతో కాదు.

ఆరోనాడు పొద్దున సూక్ష్మదర్శినిలో చూద్దును గదా, ఎటు జరిపినా నీలివలలే. పరుగున పోయి అవ్వను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ముందు ఆమెకు కనిపించినవి తన కనురెప్పల వెంట్రుకలు. "పురుగులు ఇంగా ఈడనే ఉండాయే" అని బెదిరిపోయింది. నవ్వాపుకుని, తల సరిగా పెట్టించి, ఆ వలలున్నవన్నీ నీ కోడలి ఒంట్లో నిన్నా మొన్నా పుట్టినవే అవ్వా అన్నాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. "శానా పుట్టినాయే" అని మెల్లగా అంది, పోయి మూట విప్పేసింది. రెండురోజుల్లో ఆ వలలు పోతాయని నేను పాఠం చెప్పబోతే, పెద్దయితే పిల్లోళ్లు పాలు మానరా అని కొట్టిపారేసింది. ఇన్నేళ్లకు ఇనుము సంగతిలో మా మనవరాలు చెప్పిందీ ఇంచుమించు అదే.

మర్నాటి నుంచి కోడలి వేలు తానే పట్టుకుని నా ముందు చాపేది. కొన్ని వారాలకు ఆ పిల్ల తన కాళ్లతో నడిచి బస్సెక్కింది. ఆ తర్వాత కూడా అవ్వ ఊళ్లో రక్తం తక్కువైన ఆడవాళ్లను ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చి, వీళ్లకూ చూపీమ్మా అని నిలబడేది, నేను విసుక్కుంటూనే చూపించేదాన్ని.

ఇప్పుడు లేతకణాల లెక్క యంత్రమే తీస్తుంది, నిమిషాల్లో, నాకంటే తప్పుల్లేకుండా, సంతోషమే. కాని ఆ అవ్వే మళ్లీ వచ్చి చూపీమ్మా అంటే, కన్ను ఆనించే చోటు ఆ యంత్రానికి ఎక్కడుంది?